సౌరకుటుంబం పుట్టుక: ఓడి గెలిచిన నీహారిక సిద్ధాంతం

పోటీ పరీక్షల్లో అభ్యర్థులు తడబడేది ఇక్కడే: విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్లు, సౌరకుటుంబానిది 460 కోట్ల ఏళ్లు. రెండింటి సిద్ధాంతాలూ వేరు.

విశ్వం విషయంలో మహావిస్ఫోటన సిద్ధాంతానిదే పైచేయి. బెల్జియం మతాచార్యుడు జార్జ్ లెమైత్రే దీనికి పునాది వేశాడు. గెలాక్సీలు దూరమవుతున్నాయని 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ చూపాడు. 1964లో రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు పెంజియాస్, విల్సన్‌ల యాంటెన్నాలో ఒక రొద ఆగకుండా వినిపించింది. అందులో చేరిన పావురాలను తరిమి, రెట్టలు శుభ్రం చేసినా పోలేదు. ఆదిమ విశ్వం మిగిల్చిన సూక్ష్మతరంగ వికిరణం అదే! 1978లో ఇద్దరికీ నోబెల్ దక్కింది.

గ్రహాల కథ ఇంకా ఆసక్తికరం. తిరుగుతున్న వాయు, ధూళి మేఘం (నీహారిక) నుంచి అవి పుట్టాయని 1755లో కాంట్, 1796లో లాప్లాస్ ప్రతిపాదించారు. కానీ సౌరకుటుంబ ద్రవ్యరాశిలో 99.8 శాతం సూర్యుడిదైతే, కోణీయ ద్రవ్యవేగం దాదాపు అంతా గ్రహాలది. మేఘం కుంచించుకుని పుడితే సూర్యుడే వేగంగా తిరగాలి కదా! ఈ చిక్కుముడి వల్లే సిద్ధాంతం మూలనపడింది. చాంబర్లిన్, మౌల్టన్, ఆ తర్వాత జేమ్స్ జీన్స్ మరో నక్షత్రం దగ్గరగా వచ్చి సూర్యుడి పదార్థాన్ని లాగిందన్నారు; జీన్స్ వాదనే టైడల్ పరికల్పన. అలా బయటపడిన వేడి వాయువు గ్రహంగా గడ్డకట్టదు, చెదిరిపోతుందని 1939లో ఖగోళ శాస్త్రవేత్త స్పిట్జర్ తేల్చాడు.

దాంతో నీహారిక సిద్ధాంతం మళ్లీ నిలబడింది. అయస్కాంత క్షేత్రం, సౌరపవనాలే సూర్యుడి భ్రమణాన్ని మందగింపజేశాయన్నది నేటి వివరణ. ఈ సిద్ధాంతానికి బలమిస్తూ 2014లో చిలీలోని ఆల్మా టెలిస్కోపు హెచ్‌ఎల్ టారి అనే పసి నక్షత్రం చుట్టూ ధూళి వలయాలను స్పష్టంగా చిత్రించింది.

జతపరచమంటే కాంట్, లాప్లాస్‌లను నీహారికతో, జీన్స్‌ను టైడల్ పరికల్పనతో కలపండి.