ఊకొట్టే శ్రోత

ఉద్దేశం

కథ చెప్పడం ఒక కళ. కథ వినడం కూడా కళయే. భయానక కథలను, అద్భుత కథలను నేడు యువతరం ఆడియో పుస్తకాల రూపంలో వింటున్నది. గొంతు మంచిదా కాదా అని నిర్ణయించడానికి శ్రోతకు కొన్ని ప్రమాణాలు అవసరం. మన కథాసంప్రదాయం నుంచి ఆ ప్రమాణాలను గ్రహింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మదనపల్లె ప్రాంతంలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న మండలం రామసముద్రం. ఆ మండలంలోని ఒక పల్లె నుంచి నిత్యం మదనపల్లెకు బస్సులో వెళ్ళి చదువుకొనే ఒక విద్యార్థినిని ఊహించుకోవచ్చు. బస్సు కదలగానే ఆమె చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొంటుంది. ఒకనాడు దయ్యాల కథ, మరొకనాడు మాంత్రికుల కథ. కొన్ని గొంతులు ఆమెను దిగవలసిన చోటు మరచిపోయేటట్లు చేస్తాయి. కొన్ని గొంతులను ఆమె రెండు నిమిషాలకే ఆపివేస్తుంది. ఎందుకు నచ్చింది, ఎందుకు నచ్చలేదు అని స్నేహితురాలు అడిగితే మాత్రం వెంటనే జవాబు తోచదు. ఆ జవాబుకు మూలం ఆమె ఇంటిలోనే ఉన్నది.

చిన్ననాడు ఆమెకు కథలు చెప్పినది అవ్వ. చీకటి పడిన తరువాత, ఆరుబయట మంచంపై పడుకొని కథ వినేటప్పుడు ఒక నియమం ఉండేది. ప్రతి వాక్యం చివర మనుమరాలు ‘ఊ’ అనాలి. ఊ ఆగితే కథ ఆగేది. “ఊ కొట్టకుంటే కత ముందరికి పోదు పాపా” అనేది అవ్వ. ఆ చిన్న శబ్దం కేవలం మెలకువకు గుర్తు కాదు. ఊ త్వరగా వస్తే పిల్లకు ఆత్రం కలిగిందని, సన్నగా వస్తే భయం పుట్టిందని అవ్వ గ్రహించేది. భయం మితిమీరినప్పుడు రాక్షసుణ్ణి కొంచెం తెలివితక్కువవానిగా మార్చేది. అనగా కథను నడిపించినది ఒక్క అవ్వ మాత్రమే కాదు, ఆ ఊ కూడా.

భారతీయ కథాసంప్రదాయంలో శ్రోతకు ఇంతటి స్థానం ఉండటం కొత్త విషయం కాదు. గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథను రచించాడని, శాతవాహన రాజు దానిని నిరాకరించాడని ఐతిహ్యం. అప్పుడు గుణాఢ్యుడు అడవిలో అగ్నిని రగిల్చి, ఒక్కొక్క పత్రాన్నే చదివి వినిపిస్తూ మంటలో వేశాడట. మృగాలు, పక్షులు మేత మాని కన్నీటితో విన్నాయట. రాజు తన తప్పు తెలుసుకొని వచ్చేసరికి ఏడు లక్షల గ్రంథంలో ఒక లక్ష మాత్రమే మిగిలింది. రాజసభ వినని కథను అడవి విన్నది. ఆ కథలే పదకొండవ శతాబ్దంలో సోమదేవుని కథాసరిత్సాగరంగా సంస్కృతంలో వెలసినవి. అందులోని భేతాళ కథలలో రాజు స్థితి విచిత్రమైనది. మాటలాడితే శవం తిరిగి చెట్టెక్కుతుంది. జవాబు తెలిసి కూడా పలుకకపోతే తల పగులుతుంది. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలలోనైతే మణిసిద్ధుడనే యతి వెంట కాశీకి నడచే గోపకుమారుడు ప్రతి మజిలీలో ఒక వింతను గురించి అడుగుతాడు. ఆ ప్రశ్న నుంచే కథ పుడుతుంది. వినడం, ప్రశ్నించడం, నిర్ణయించడం అనే మూడు పనులనూ మన పూర్వులు శ్రోతకే అప్పగించారు.

భయం బాధాకరమైన భావం కదా, దానిని కోరి వినడమెందుకు? ఈ ప్రశ్నకు అలంకారశాస్త్రంలో సమాధానం ఉన్నది. భరతముని నాట్యశాస్త్రం పేర్కొన్న ఎనిమిది రసాలలో భయానకం, అద్భుతం ఉన్నాయి. మొదటిదానికి భయం, రెండవదానికి విస్మయం స్థాయిభావాలు. లోకంలో పాము ఎదురైతే కలిగేది భయం మాత్రమే. కావ్యంలో అదే భయం సహృదయుని హృదయంలో ఆస్వాదయోగ్యమై రసంగా మారుతుంది. ప్రాణానికి ముప్పు లేదన్న ఎరుక లోపల నిలిచి ఉండటం వల్లనే అది సాధ్యమవుతుంది. ఆ ఎరుకను చెదరనీయకుండా ఒళ్ళు గగుర్పొడిచేటట్లు చేయగలిగినవాడే సమర్థుడైన కథకుడు.

ఇటువంటి కథకులకు చిత్తూరు ప్రాంతం కొత్తది కాదు. ఇక్కడి అనేక గ్రామాలలో జరిగే మహాభారత ఉత్సవాలలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. చివరికి మట్టితో నిర్మించిన భారీ దుర్యోధనుని ప్రతిమ వద్ద దుర్యోధన వధ ఘట్టాన్ని ప్రదర్శిస్తారు. కథ అందరికీ తెలిసినదే. అయినా జనం రాత్రంతా మేలుకొని వింటారు. ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి కాదు, ఎలా చెబుతారో వినడానికి. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళకు పేరెన్నికగన్నది. తెర వెనుక ఉన్న కళాకారుడు రావణునికి ఒక గొంతు, సీతకు ఒక గొంతు, హాస్యపాత్రలకు మరొక గొంతు ఇవ్వగలడు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వెలసింది. రేడియోలో నాటకాలతో పాటు సినిమాల సంక్షిప్త శబ్దచిత్రాలు కూడా ప్రసారమయ్యేవి. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రంలోని నేపాళ మాంత్రికుణ్ణి తెరపై చూడకపోయినా, ఎస్.వి. రంగారావు గొంతు చెవిని పడితే చాలు, మాంత్రికుని ఆకారం కళ్ళకు కట్టేది.

గొంతును భద్రపరచే యంత్రం 1877లో వచ్చింది. థామస్ ఆల్వా ఎడిసన్ కనిపెట్టిన ఫోనోగ్రాఫు అది. 1897లో బ్రామ్ స్టోకర్ ప్రచురించిన డ్రాక్యులా నవలలో ఒక వైద్యుడు తన దినచర్యను ఫోనోగ్రాఫులోనే నమోదు చేస్తాడు. భయానక సాహిత్యానికీ, ముద్రిత ధ్వనికీ అంత తొలినాళ్ళలోనే చెలిమి కుదిరింది. ఆడియో పుస్తకం మాత్రం వినోదం కోసం కాక, ఒక అవసరం నుంచి పుట్టింది. చూపు లేనివారి కోసం అమెరికాలో 1934లో, బ్రిటనులో 1935లో ‘మాటలాడే పుస్తకాలు’ గ్రామఫోను రికార్డులుగా వచ్చాయి. బ్రిటనులో వచ్చిన మొదటి పుస్తకాలలో అగాథా క్రిస్టీ రచించిన అపరాధ పరిశోధక నవల ఒకటి. క్రమంగా క్యాసెట్లు, సీడీలు వచ్చి, చివరకు పుస్తకం ఫోనులోకి చేరింది. నేడు దాసుభాషితం వంటి వేదికల ద్వారా తెలుగు పుస్తకాలను కూడా వినవచ్చు.

అయితే ఈ మార్పులో ఒకటి జారిపోయింది. శ్రోత పలికే ఊ కథకునికి చేరదు. మూసిన గదిలో, మైకు ఎదుట కూర్చొని చదివే వ్యక్తి ఆ ఊను తన ఊహలోనే వినాలి. రామసముద్రపు విద్యార్థిని నచ్చినదానికీ నచ్చనిదానికీ కారణం వెదకితే, ఆమె అభిప్రాయాలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

ఆమె మొదటి అభిప్రాయం మౌనానికి సంబంధించినది. తలుపు కిర్రుమన్నదని చెప్పి ఒక్క క్షణం ఆగే గొంతు ఆమెకు ఇష్టం. ఆ క్షణంలో తలుపు వెనుక ఏమున్నదో ఆమె ఊహించుకొంటుంది. అవ్వ ఊ కోసం ఆగినది కూడా అక్కడే. మొదటి వాక్యం నుంచే గొంతు వణికిస్తూ, ప్రతి పదాన్నీ బుసకొట్టినట్లు పలికేవారు శ్రోత వంతు భయాన్ని కూడా తామే పడివేస్తారు. నేపథ్య సంగీతం, ఊళలు, ఉరుములు కూడా ఇటువంటివే. పులుసులో ఉప్పు వలె అవి మితంగా ఉంటేనే రుచి.

రెండవ అభిప్రాయం పాత్రల గొంతులకు సంబంధించినది. హారీ పాటర్ నవలలను బ్రిటనులో స్టీఫెన్ ఫ్రై, అమెరికాలో జిమ్ డేల్ చదివారు. ఒకే పుస్తకం రెండు గొంతులలో రెండు అనుభవాలైనది. ఎవరు మేలన్న చర్చ శ్రోతలలో నేటికీ ఉన్నది. అద్భుత కథలలో పాత్రలు ఎక్కువ, పేర్లు కొత్తవి. 1947 జులైలో ఆరంభమైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి ధారావాహికలు రచించారు. చదివేవారికి చిత్రా గీసిన బొమ్మలు ఆసరాగా నిలిచాయి. వినేవారికి ఆ ఆసరా లేదు. కనుక ఎవరు మాట్లాడుతున్నారో గొంతే తెలపాలి. అయితే అది మిమిక్రీ ప్రదర్శన కారాదు. గొంతు మారినప్పుడు పాత్ర గుర్తుకు రావాలి గాని, చదివేవారి చాతుర్యం గుర్తుకు రారాదు.

మూడవ అభిప్రాయం భాషకు సంబంధించినది. కుప్పం మొదలు రామసముద్రం వరకు ఉన్న ఈ సీమలో తెలుగు, తమిళ, కన్నడ భాషలతో కలసి మెలసి మెలగుతున్నది. ఇక్కడి పలుకుబడికి ఒక ప్రత్యేకమైన యాస ఏర్పడింది. నామిని సుబ్రమణ్యం నాయుడు కథలు ఆ మాటకు సాహిత్య గౌరవాన్ని సమకూర్చినవి. అట్టి కథలను యాస తెలియని గొంతు చదివితే అక్షరాలు వినబడతాయి గాని మనుషులు వినబడరు. ఊరి చివర చింతచెట్టుపై ఉన్న దయ్యం ఆ ఊరి మాటలోనే పలుకరించినప్పుడు భయం రెట్టింపవుతుంది.

ఇంత ఇష్టంగా వినే శ్రోతకు ఒక బాధ్యత కూడా ఉన్నది. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ బృందం అమెరికా రేడియోలో అంగారకవాసుల దండయాత్ర కథను వార్తాప్రసారం పద్ధతిలో వినిపించింది. కొందరు శ్రోతలు దానిని నిజమని నమ్మి కలవరపడ్డారు. దేశమంతా తల్లడిల్లిందన్న పత్రికల రాతలు అతిశయోక్తులని తరువాతి పరిశోధకులు తేల్చారు. అనగా ఒక కల్పన చుట్టూ మరొక కల్పన అల్లుకొన్నది. 1980ల తొలినాళ్ళలో యండమూరి వీరేంద్రనాథ్ రచించిన తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడి పాఠకులను ఉర్రూతలూగించింది. కాష్మోరా అన్న మాట ఇంటింటా వినిపించింది. అటువంటి రచనలు మూఢనమ్మకాలను పెంచుతాయన్న విమర్శ కూడా అప్పుడే వచ్చింది. ఆ విమర్శను తేలికగా తీసివేయరాదు. చేతబడి చేశారన్న అనుమానంతో నిరపరాధులను హింసించిన ఘటనలు మన పల్లెలలో జరిగినవి. కథలోని మంత్రగాడు పుటలు మూయగానే మాయమవుతాడు. అనుమానానికి గురైన పొరుగింటి ముసలమ్మ మాయం కాదు, ఆమెకు తగిలే రాయి నిజమైనది. భయానక కథను ఆస్వాదించడం రసికత. దానిని నమ్మి పొరుగువారిని శంకించడం అవివేకం. ఈ రెండింటి నడుమ గీత గీయవలసినది శ్రోతయే.

ఒక సాయంత్రం ఆ విద్యార్థిని తన ఫోనును అవ్వ మంచం పక్కన ఉంచి ఒక భేతాళ కథను వినిపించింది. అవ్వ చూపు మందగించింది గాని వినికిడి తగ్గలేదు. మొదటి వాక్యం ముగియగానే అవ్వ అలవాటుగా ‘ఊ’ అన్నది. ఫోను ఆగలేదు, తన దారిన తాను చదువుకొంటూ పోయింది. అవ్వ ఊ రెండవ వాక్యం కింద పడిపోయింది. నాలుగైదు వాక్యాలు గడచిన పిమ్మట అవ్వ ఊకొట్టడం మానివేసింది. మనుమరాలు అది గమనించి ఫోను ఆపివేసింది. మంచం అంచున కూర్చొని తక్కిన కథను తానే చెప్పసాగింది. ఒక వాక్యం చెప్పి ఆగింది. చీకటిలో నుంచి ‘ఊ’ అని వినిపించింది. కథ ముందరికి సాగింది.

కఠిన పదాలకు అర్థాలు

ఐతిహ్యం : తరతరాలుగా చెప్పుకొంటూ వచ్చిన కథనం
మజిలీ : ప్రయాణంలో విడిది చేసే చోటు
స్థాయిభావం : రసానికి మూలమైన స్థిరభావం
సహృదయుడు : కళను ఆస్వాదించగల మనసున్నవాడు
విస్మయం : ఆశ్చర్యం
యాస : ఒక ప్రాంతపు పలుకు తీరు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఆడియో పుస్తకాలను చదివే గొంతులను గురించి విద్యార్థిని అభిప్రాయాలను వివరించండి.
2. భారతీయ కథాసంప్రదాయంలో శ్రోతకు గల స్థానాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గుణాఢ్యుని గురించిన ఐతిహ్యాన్ని తెలపండి.
2. భయానక కథలు వినేవారి బాధ్యత ఏమిటి?
3. అవ్వ ఊకొట్టడం ఎందుకు మానివేసింది?

III. మీ ఇంటిలోని పెద్దలు చెప్పే ఒక కథను విని, వారి మాటలలోనే రాయండి.