పసుపు వెలుతురు గదిలో మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో వంగే చిప్పుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. మొన్న ఫొటో పంపింది. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి ముసుగు, గదంతా పసుపు వెలుతురు. ఏ విషాల మధ్య ఉందోనని నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, నందిగామ

జవాబు: ఆ ముసుగు సంగతి తెలిస్తే మీ భయం సగం పోతుందమ్మా. మన ఒంటి నుంచి రాలే పొట్టు రవ్వంత పడినా చిప్పు మీది గీతలు చెడిపోతాయి, అందుకే ఆ క్లీన్‌రూమ్‌లోకి వెళ్లేవాళ్లంతా ఒళ్లు కప్పుకుంటారు. చిప్పుకు పూసే ఫొటోరెసిస్ట్ అనే పూత నీలి కాంతికి, అతినీలలోహిత కిరణాలకు మారిపోతుంది. పసుపు కాంతికి మారదు కాబట్టి ఆ దీపాలు పెడతారు.

ప్రమాదమైనవి అసలు లేవని మాత్రం చెప్పను. ముఖ్యంగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. పలుచనిది చర్మం మీద పడితే నొప్పి కొన్ని గంటల దాకా తెలియకపోవచ్చు, ఈలోగా లోపలికి ఇంకిపోతుంది. పడిందన్న అనుమానం వచ్చినా వెంటనే నీళ్లతో బాగా కడిగి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసుకుని, నొప్పి లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. ‘ఆ జెల్ ఎక్కడుంది? ఆమ్లంతో ఒంటరిగా పనిచేస్తున్నావా?’ అని అమ్మాయిని అడగండి. జెల్ ఉన్న చోటు టక్కున చెప్పి, ఒంటరిగా చేయనంటే మీరు నిశ్చింతగా పడుకోవచ్చు.

ప్రశ్న: నాన్నగారి చేతికి షుగర్ సెన్సర్ అంటించారు. వేలి రక్తంలో 160 వస్తే అది 140 చూపింది. లోపల సూది విరిగిపోతుందేమోనని కూడా భయం.
- ఒక పాఠకుడు, జగ్గయ్యపేట

జవాబు: కంగారు పడకండి, ఆ మాత్రం తేడా మామూలే. సెన్సర్ కణాల మధ్య ద్రవాన్ని కొలుస్తుంది, రక్తంలోని చక్కెర మార్పు అక్కడ కనపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంటించేటప్పుడే సూది బయటికి వచ్చేస్తుంది, లోపల ఉండేది వంగే సన్నటి తంతువు మాత్రమే. చెమటలు, వణుకు ఉన్నా సెన్సర్ అంతా బాగుందని చూపితే దాన్ని నమ్మకుండా వేలి రక్తం చూడండి. చుట్టూ వాపు, చీము కనబడితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: కొత్త మడత ఫోన్ తెర మధ్యలో గీత పడింది. పగిలిపోతుందా?
- ఒక సోదరి, నందిగామ

జవాబు: ఆ గీత మడత ఫోన్లలో మామూలే. నల్లమచ్చ పాకుతున్నా, పైపొర లేస్తున్నా సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. ఆ పొర తెరలో భాగం, మీరు పీకేయకండి.

ప్రశ్న: ఎంటెక్‌లో మెటీరియల్స్ తీసుకుందామనుకుంటున్నాను. సిలికాన్ పెళుసు, వంగే ఎలక్ట్రానిక్స్ ఉత్త కల అని మామయ్య అంటున్నారు. భవిష్యత్తు ఉంటుందా?
- బీటెక్ విద్యార్థి, జగ్గయ్యపేట

జవాబు: మీ బెంగ అర్థమైంది. మామయ్యగారు చెప్పినట్టు సిలికాన్ పెళుసే, కానీ 50 మైక్రాన్ల లోపు, అంటే వెంట్రుక కంటే సన్నగా అరగదీస్తే వంగుతుంది. విద్యుత్తును మోసే ప్లాస్టిక్‌ను 1977లోనే చేసి చూపిన ముగ్గురికి 2000లో నోబెల్ వచ్చింది. మన దేశంలో ఐఐటీ కాన్పూర్‌లో వంగే ఎలక్ట్రానిక్స్ కోసం ప్రత్యేక జాతీయ కేంద్రమే ఉంది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌కు ఏటా 9.6 కోట్ల చిప్పుల ప్యాకేజింగ్ యూనిట్‌ను, ఒడిశాకు సిలికాన్ కార్బైడ్ ప్లాంటును ఆమోదించింది. ఇలాంటి చోట్ల మెటీరియల్స్ చదివినవాళ్ల అవసరం ఉంటుంది. మొదటి ఏడాది ల్యాబ్‌లో చేసిన నమూనాలు వరసగా పాడవుతుంటే దిగులు పడకండి, అందరికీ జరిగేదే. చిప్ కంపెనీలో ఉద్యోగం ఖాయం, ముందు డబ్బు కట్టమని ఎవరైనా అంటే మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.