సర్ఫక్టెంట్లు తెలిస్తే చమురు రంగంలోనూ కొలువు

మేడ్చల్, షామీర్‌పేట వైపు కెమిస్ట్రీ చదివినవాళ్లు ఉద్యోగం అనగానే ఫార్మా గేటు దగ్గరే వరస కడతారు. జీనోమ్ వ్యాలీ పక్కనే ఉంది, తప్పులేదు. అయితే అదే డిగ్రీతో చమురు, గ్యాస్ రంగంలోకీ వెళ్లొచ్చు. అందుకు ఒక దారి సర్ఫక్టెంట్లు.

గిరాకీ ఎందుకు?

సబ్బులో మురికి వదిలించేవి సర్ఫక్టెంట్లే. అణువుకు ఒక కొస నీటితో, రెండో కొస నూనెతో కలుస్తుంది. బావిలోంచి ముడిచమురు ఉప్పునీటితో చిక్కగా కలిసి, ఎమల్షన్‌గా వస్తుంది. ఆ నీటిని విడదీసేది డీమల్సిఫయర్. నీరు నిండి గ్యాస్ తగ్గిన బావిలో నురుగు తెప్పించి నీటిని పైకి తెచ్చేది ఫోమర్. డ్రిల్లింగ్ మడ్‌లోనూ, తుప్పు నిరోధకాల్లోనూ సర్ఫక్టెంట్ల పాత్ర ఉంది. బావి పాతబడేకొద్దీ నీటి వాటా పెరుగుతుంది, దాంతోపాటే రసాయనాల ఖర్చూ పెరుగుతుంది. రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రంలో క్షారం, సర్ఫక్టెంట్, పాలిమర్ కలిపి పంపి అదనపు చమురు రాబట్టే పద్ధతినీ పరీక్షించారు.

మనకు దగ్గర్లో ఓఎన్‌జీసీ రాజమహేంద్రవరం అసెట్, తాటిపాక మినీ రిఫైనరీ, విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉన్నాయి. కేజీ బేసిన్ 98/2 బ్లాకులో 2024 జనవరిలో చమురు ఉత్పత్తి మొదలైంది.

ఇక్కడ పనేంటి?

మేడ్చల్‌లో చమురు బావులు లేవు. ఇక్కడి రసాయన యూనిట్లలో దొరికేవి క్యూసీ, ఫార్ములేషన్, బ్లెండింగ్ కొలువులు. సరుకు ఏ రంగానికి వెళ్తుందో ఇంటర్వ్యూకు ముందే కనుక్కోండి.

డీమల్సిఫయర్ ఎంపికకు ఆధారం బాటిల్ టెస్ట్. గీతలున్న సీసాల్లో బావి ద్రవం పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో రసాయనం కొన్ని పీపీఎం చొప్పున వేసి, ఒకే తీరున కుదిపి, వేడినీటి తొట్టిలో పెడతారు. ఎన్ని నిమిషాలకు ఎన్ని మిల్లీలీటర్ల నీరు దిగింది, ఆ నీరు తేటగా ఉందా, మధ్యలో తెట్టు మిగిలిందా అన్నది రాసుకుంటారు. ఈ పట్టికను తప్పుల్లేకుండా రాయగలిగితే ఫ్రెషర్‌కూ విలువ ఉంటుంది.

ఏం చదవాలి?

పాలిటెక్నిక్‌లో కెమికల్ డిప్లొమా, బీఎస్సీ కెమిస్ట్రీ, బీటెక్ కెమికల్ వంటివి పునాది. పీజీకి సీపీగెట్, ఎంటెక్‌కు గేట్ లేదా పీజీఈసెట్ రాయాలి. కాప్రా మండలంలోని బిట్స్ హైదరాబాద్ క్యాంపస్‌లో కెమికల్ ఇంజినీరింగ్ ఉంది. తార్నాకలోని ఐఐసీటీలో నూనెలు, లిపిడ్లపై ప్రత్యేక విభాగం ఉంది, పరిశోధన ఆసక్తి ఉంటే అటు చూడండి. పెట్రోలియం చదువుకు విశాఖలో ఐఐపీఈ ఉంది. సర్ఫక్టెంట్ నీటివైపు, నూనెవైపు ఎంత మొగ్గుతుందో చెప్పే హెచ్‌ఎల్‌బీ లెక్కలు, తలతన్యత కొలత, టైట్రేషన్, సేఫ్టీ డేటా షీట్ చదవడం ఇప్పుడే అలవాటు చేసుకోండి. ఓఎన్‌జీసీ అప్రెంటిస్ ప్రకటనల మీదా కన్నేసి ఉంచండి.

ఒక్క జాగ్రత్త

చమురు ధర పడితే నియామకాలు ఆగుతాయి. 2014–16లో, మళ్లీ 2020లో ఈ రంగం ఆ దెబ్బ తిన్నది. అందుకే ‘ఆయిల్ ఉద్యోగమే కావాలి’ అని కూర్చోవద్దు. ఎమల్షన్లను అర్థం చేసుకున్నవాడికి డిటర్జెంట్లు, పెయింట్లు, పురుగుమందులు, ఫార్మా క్రీముల తయారీలోనూ పని ఉంటుంది. ముందు నైపుణ్యం పట్టండి, రంగం తర్వాత ఎంచుకోవచ్చు.