పడవ ఇంజనును మంచినీటితో కడుగుట

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు కలదు. అవుట్‌బోర్డు ఇంజను ఈ నీటినే పీల్చి చల్లబడును. ఇంజను ఆపిన పిమ్మట లోపల మిగిలిన నీరు ఆరి, ఉప్పు పేరుకొని నీటిదారులను మూసివేయును. అల్యూమినియం భాగములను తినివేయును. కనుక వేటనుండి వచ్చిన ప్రతిసారి ఇట్లు చేయండి:

1. పంకా ఊడదీసి, ఇంజను అడుగుభాగమును మంచినీటి పీపాలో, నీరు పీల్చు రంధ్రములు పూర్తిగా మునుగునట్లు, నిలువుగా దింపండి.

2. గేరు వేయక, ఆరుబయట 5 నుండి 10 నిమిషములు నెమ్మదిగా నడపండి. పక్క రంధ్రమునుండి నీరు ధారగా రావలెను. రానిచో వెంటనే ఆపండి.

3. ఆపిన తరువాత నీరంతా కారిపోవువరకు నిలువుగానే ఉంచండి.

నీరు లేకుండ నడపరాదు. పంపులోని రబ్బరు చక్రము త్వరలోనే చెడిపోవును.

ఖర్చు ఒక పీపా నీరు. నడిసముద్రములో ఇంజను ఆగినచో మూల్యము ప్రాణములే కావచ్చును.