మస్టరూ చదవాలి, బ్యాలెన్స్ షీటూ చదవాలి

2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. అదే ఏడాది జిల్లాలో పెద్దఎత్తున సామాజిక తనిఖీ కూడా జరిగింది. కెరీర్ గురించి రాస్తూ ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం ఉంది.

తనిఖీకి వచ్చినవాళ్లు ఊళ్లో ఏం చేస్తారో ఒకసారి గమనించండి. కూలీల హాజరు పట్టీ అయిన మస్టరులో ఉన్న పేరు పట్టుకుని ఆ ఇంటికి వెళ్తారు. ‘ఎన్ని దినాలు పనికి పోయినావమ్మా?’ అని అడుగుతారు. కొలతల పుస్తకంలో సేద్యపు కుంట లోతు ఇంత అని రాసి ఉంటే, టేపు తీసుకుని కుంటలోకి దిగుతారు. కూలి డబ్బు ఖాతాలో ఎప్పుడు పడిందో పాసుపుస్తకంలో చూస్తారు. తేలినదంతా గ్రామసభలో అందరి ముందూ చదువుతారు. ఈ పనికి లెక్కలు రావాలి, కొంత ఇంజినీరింగ్ తెలియాలి, చట్టం తెలియాలి, అన్నిటికీ మించి ఆ ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడటం రావాలి. పాలనలో పీజీ చేయాలనుకునేవాళ్లు ఏ ఒక్క సబ్జెక్టుకో కట్టుబడితే చాలదని నేననేది ఇందుకే.

మన దగ్గర ఈ చదువు రకరకాల పేర్లతో దొరుకుతుంది. 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ ఉంది, గ్రామీణాభివృద్ధి, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వైపు ఎంఏ కోర్సులూ నడిచాయి. జేఎన్‌టీయూ అనంతపురంలోనూ ఎంబీఏ ఉంది. ఏటా సీట్లు, కోర్సులు మారుతుంటాయి కనుక ఆ సంవత్సరం నోటిఫికేషన్‌నే నమ్మండి. ఉద్యోగం చేస్తూనో, ఇంటి సేద్యం చూసుకుంటూనో చదవాలంటే ఇగ్నో దూరవిద్యలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, రూరల్ డెవలప్‌మెంట్ రెండింటిలోనూ ఎంఏ చేయొచ్చు.

ఒక అపోహ తొలగించాలి. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివితేనే సివిల్స్ రాయగలరని, అది చదివితే సగం దారి వచ్చేసినట్టేనని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. సివిల్స్‌కైనా గ్రూప్-1కైనా ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. సివిల్స్ మెయిన్స్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఒక ఆప్షనల్ మాత్రమే. ఆ పరీక్షల కోసమే రెండేళ్లు పీజీలో గడపాలనుకుంటే, ముందు బాగా ఆలోచించుకోండి.

అసలు విషయం స్పెషలైజేషన్. ఎక్కువమంది ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్‌ఆర్‌లలో ఒకటి ఎంచుకుంటారు. వాటిలో తప్పేమీ లేదు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు ఉన్నాయి, ఆపరేషన్స్, హెచ్‌ఆర్ చదివినవాళ్లకు అక్కడ పని ఉంటుంది. బత్తలపల్లిలోని ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి లాంటిదాన్ని చూస్తే, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులకే పరిమితమైన చదువు కాదని తెలుస్తుంది.

కానీ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ గడ్డ మీద నేను అన్నిటికంటే ముందు చూపించే దారి రైతు ఉత్పత్తిదారుల సంఘాలది. 2020లో కేంద్రం దేశవ్యాప్తంగా 10,000 సంఘాలు పెట్టాలని పథకం తెచ్చింది. ఒక్కో సంఘానికి మూడేళ్లకు 18 లక్షల రూపాయల దాకా నిర్వహణ ఖర్చు ఇస్తారు, సీఈఓ జీతం అందులోనే. ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఏం తెలిసి ఉండాలి?

శెనక్కాయ కోతల కాలం అనుకోండి. రైతుకు కాయ తూకం వేసిన రోజే డబ్బు కావాలి, అప్పు తీర్చాలి. నూనె మిల్లు నెల తర్వాత ఇస్తానంటుంది. ఆ నెల రోజులు సంఘం దేనితో నడవాలి? ఇది ఫైనాన్స్. కాయలో తేమ ఎక్కువుంటే గోదాములో బూజు పడుతుంది, ధర పోతుంది. ఇది ఆపరేషన్స్. బోర్డు సమావేశం జరగాలి, మినిట్స్ రాయాలి, సంఘం కంపెనీగా నమోదైతే కంపెనీల రిజిస్ట్రార్‌కు ఏటా పత్రాలు పంపాలి. ఇది చట్టం. జూలైలో పదును తప్పితే ఆ ఏడాది సంఘానికి సరుకే రాదు, అప్పుడు ఏం అమ్మి జీతాలివ్వాలి? దీనికి జవాబు ఏ ఒక్క పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఈ ప్రశ్నలతోనే పనిచేస్తూ వచ్చింది. దాని ఆధ్వర్యంలో 2008లో ఏర్పడిన ధరణి సహకార సంఘం మెట్ట రైతుల చిరుధాన్యాలను సేకరించి, శుద్ధి చేసి, అమ్ముతుంది. ప్రాజెక్టు చేసే విద్యార్థికి అలాంటి చోట గడిపిన రెండు నెలలు, బెంగళూరులో ఏదో కంపెనీ సర్టిఫికెట్ కంటే ఎక్కువ నేర్పుతాయని నా గట్టి నమ్మకం. అగ్రిబిజినెస్ గానీ, రూరల్ మేనేజ్‌మెంట్ గానీ ప్రధానంగా తీసుకుని, ఫైనాన్స్‌ను జతగా పెట్టుకోండి. ఫైనాన్స్ వదిలేసి గ్రామీణం మాత్రమే తీసుకున్నవాళ్లు బ్యాంకు మేనేజరు ముందు ఇబ్బంది పడతారు.

రాష్ట్రం దాటాలనుకునేవాళ్లకు మంచి చోట్లున్నాయి. ఆనంద్‌లో వర్గీస్ కురియన్ 1979లో స్థాపించిన గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా, 2025లో త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంలో భాగమైంది. హైదరాబాద్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీ ఉంది. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం మనకు బస్సులో కొన్ని గంటల దూరమే.

రాష్ట్రంలో ఎంబీఏకు దారి ఐసెట్ ప్రవేశ పరీక్ష. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, తప్పు జవాబుకు మార్కులు కోయరు. తెలుగు మీడియం విద్యార్థులను దెబ్బతీసేది గణితం కాదు, ఇంగ్లిష్‌లో ఉండే కమ్యూనికేషన్ విభాగం. రోజూ అరగంట ఒక ఇంగ్లిష్ దినపత్రిక వ్యాపార పేజీ బిగ్గరగా చదవడం మూడు నెలల్లో ఫలితమిస్తుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బ్రోషరులో ఎన్ని స్పెషలైజేషన్లు రాశారో లెక్కపెట్టొద్దు. ‘నాకు కావలసిన స్పెషలైజేషన్‌కు పోయినేడు ఎంతమంది చేరారు, పాఠం చెప్పిందెవరు?’ అని అడగండి. పదిమందైనా చేరకపోతే ఆ పేపరు తెరవని కాలేజీలు ఉన్నాయి. విద్యార్థి ఇష్టం లేకుండానే మార్కెటింగ్‌లో కూర్చోవాల్సి వస్తుంది. ఈ ప్రశ్న సీనియర్లను అడిగితే నిజం తొందరగా తెలుస్తుంది.

ఈలోగా డబ్బు కట్టనక్కర్లేని పాఠం ఒకటుంది. మీ మండలంలో సామాజిక తనిఖీ ప్రజావేదిక ఎప్పుడో ఎంపీడీఓ ఆఫీసులో కనుక్కోండి. ఆ రోజు పొద్దున్నే వెళ్లి, ఒక నోటు పుస్తకం పట్టుకుని, సాయంత్రం దాకా వెనక వరుసలో కూర్చోండి.