పూత కింద దాగిన లంచం

2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది మరణించారు. దానికి అనుమతే లేదు. అన్ని అంతస్తులు లేచేదాకా ఎవరి కంటా పడలేదంటే నమ్మగలమా?

ముడుపుల సొమ్మును కట్టేవాడు తన జేబులోంచి పెట్టుకోడు. ప్లాస్టరు కప్పేసే చోటే మిగుల్చుకుంటాడు: పిల్లర్లలో రింగులు ఎడమవుతాయి, సిమెంటు తగ్గుతుంది, కాంక్రీటులో నీళ్లు పెరుగుతాయి. రంగులు మాత్రం భేషుగ్గా వేస్తాడు!

మన బోరబండలో చిన్న స్థలాలే ఎక్కువ. 2020 చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు వరకు ఒక్క రూపాయితో నమోదు చేస్తే చాలు. ఆపై అంతస్తులు లేపబోతేనే చేతులు తడపాల్సి వస్తుంది. పునాది మాత్రం పాతదే. స్లాబు పోయకముందే ఇనుము కట్టిన తీరును బయటి ఇంజనీరుకు చూపిద్దాం, ఫోటోలు తీసి దాచుకుందాం. పోశాక పది రోజులైనా తడుపుదాం.