లోటస్ నుంచి కెల్లీ వరకు: పాలకుల ఆగ్రహానికి గురైన మూకీలు

హైదరాబాద్‌లో మూకీలు తీశారన్నది చాలామంది పోటీ పరీక్షల అభ్యర్థులు చదవరు. 1922లో ధీరేంద్రనాథ్ గంగూలీ ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ స్థాపించారు. 1924లో ‘రజియా బేగం’ ప్రదర్శించారు. ముస్లిం రాణి హిందువును ప్రేమించే కథ అది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆగ్రహించి, గంగూలీని రాజ్యం విడిచి వెళ్లమన్నారు. నగర సినీ చరిత్రకు అది తీరని నష్టం. గంగూలీకి 1975లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది.

దీనితో కలిపి చదవాల్సింది, ఇలాగే పాలకుల ఆగ్రహానికి గురైన ఆస్ట్రేలియా మూకీ ‘ది స్టోరీ ఆఫ్ ది కెల్లీ గ్యాంగ్’. 1906 డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో విడుదలైంది. దర్శకుడు చార్లెస్ టెయిట్. గంటకు పైగా నడిచిన ఈ చిత్రాన్ని ప్రపంచంలో తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా చెబుతారు. కథానాయకుడు నెడ్ కెల్లీ బందిపోటు. నాగలి రేకులతో చేసిన ఇనుప కవచం తొడుక్కుని పోలీసులను ఎదిరించాడు. 1880 నవంబర్ 11న అతన్ని ఉరితీశారు. నేరాన్ని కీర్తిస్తోందంటూ కొన్ని ఊళ్లలో చిత్రాన్ని నిషేధించారు. మిగిలిన భాగాలు 2007లో యునెస్కో ‘మెమరీ ఆఫ్ ది వరల్డ్’ జాబితాలో చేరాయి.

1906, 1922, 1924, 2007: జతపరచండి ప్రశ్నల కోసం ఈ నాలుగు సంవత్సరాలు తప్పక గుర్తుంచుకోండి.